ఫార్మాట్ కొట్టే ముందు

జీమెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోతే అడగడానికి గూగుల్ ఉంది. బ్యాంకు ఖాతాదైతే తాండూరు బ్రాంచికి వెళ్లి ఆధార్ చూపిస్తే పని జరుగుతుంది. కానీ సమాచారమంతా మన గదిలో, మన కంప్యూటర్‌లో, మనమే ఎక్కించుకున్న అప్లికేషన్‌లో ఉంటే? గ్రంథాలయం పుస్తకాల పట్టిక, రైతు సంఘం కందుల కొనుగోలు లెక్కలు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ సరుకు ఖాతా ఇలా సొంత సర్వర్‌లో నడుస్తుంటే ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ ఉండదు.

వికారాబాద్ జిల్లా పెద్దేముల్‌లో ఒక కాలేజీ గ్రంథాలయం ఉందనుకుందాం. సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నాలుగు వేల పుస్తకాలను ఒక్కొక్కటిగా ఓపికతో ఎంటర్ చేసిన లెక్చరర్ బదిలీ మీద వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేస్తే, ‘‘రెండేండ్లయింది కద సార్, యాదికి లేదు’’ అని జవాబు. రిపేరు అబ్బాయిని పిలిపిస్తే అతను కంప్యూటర్ ముందు కూర్చుని అనే మాట దాదాపు అన్ని ఊళ్లలోనూ ఒకటే: ‘‘ఫార్మాట్ కొట్టి మల్ల ఎక్కిద్దాం సార్, గంటల అయిపోతది.’’

గంటలో కంప్యూటర్ మళ్లీ నడిచే మాట నిజమే. కానీ ఆ గంటలో నాలుగు వేల పుస్తకాల పట్టిక, ఏ విద్యార్థి దగ్గర ఏ పుస్తకం ఉందన్న లెక్క చెరిగిపోతాయి. పాస్‌వర్డ్ మరిచిపోయినందువల్ల ఒక్క అక్షరం కూడా చెడిపోలేదు. ఫార్మాట్ కొడితే మాత్రం అన్నీ పోతాయి. ఈ తేడా తెలియక ఎన్నో ఏళ్ల శ్రమ చేజేతులా తుడిచేసుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. పాస్‌వర్డ్ అసలు ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందో తెలిస్తే ఆ తొందర తగ్గుతుంది.

సొంత సర్వర్‌లో గ్రంథాలయం నడపడం మనకు కొత్తేమీ కాదు. న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ హైదరాబాదులోనే పుట్టింది. వెరస్ సొల్యూషన్స్ సంస్థ, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తయారుచేసిన దీనికి గ్రంథాలయ శాస్త్రం వైపు నుంచి ఎల్.జె. హరావు మార్గదర్శకత్వం వహించారు. ఆయన అంతకుముందు పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గ్రంథాలయ విభాగంలో పనిచేశారు.  న్యూజెన్‌లిబ్‌ను 2008 జనవరిలో ఓపెన్ సోర్స్‌గా ప్రకటించారు. అంటే ఎవరైనా ఉచితంగా దించుకుని, తమ కంప్యూటర్‌లో ఎక్కించుకుని, లోపల ఏముందో చూసుకోవచ్చు. దాని సమాచారమంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. న్యూజిలాండ్‌లో 2000 జనవరిలో మొదలైన కోహా కూడా ఇదే కోవలోది, మన దేశంలో చాలా కాలేజీల్లో నడుస్తోంది. పాఠాలకు మూడుల్, ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, వెబ్‌సైట్‌కు వర్డ్‌ప్రెస్, వ్యాపార లెక్కలకు ముంబయిలో తయారైన ఈఆర్‌పీనెక్స్ట్, ఇవన్నీ సొంత సర్వర్‌లో ఎక్కించుకోగలిగినవే.

వీటన్నింటిలోనూ లోపలి ఏర్పాటు దాదాపు ఒకే తీరు. వాడకందార్ల పేర్లతో డేటాబేస్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో వరస. ఆ వరసలో పేరు, ఈమెయిల్, ఇంకో గడిలో పాస్‌వర్డ్‌కు సంబంధించిన గుర్తు. ఆ గడి తెరిచి చూస్తే పాస్‌వర్డ్ దొరుకుతుందని చాలామంది ఆశపడతారు. దొరకదు. దొరకకుండా చేయడానికి కంప్యూటర్ శాస్త్రం చాలా ఏళ్లు కష్టపడింది.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను ఎక్కువమంది పంచుకునే వ్యవస్థను తయారుచేసింది. ఒకరి ఫైళ్లు మరొకరు చూడకుండా ప్రతి ఒక్కరికీ పాస్‌వర్డ్ ఇచ్చారు. ఆ పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైల్‌లో ఉన్నవి ఉన్నట్టు ఉండేవి. అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం సరిపోక, 1962లో ఆ ఫైల్‌నే కాగితం మీద ప్రింటు తీయించుకున్నాడు. 1966లో ఇంకో పొరపాటు జరిగింది. లాగిన్ కాగానే అందరికీ కనిపించాల్సిన రోజువారీ సందేశం ఫైలూ, పాస్‌వర్డ్‌ల ఫైలూ తారుమారయ్యాయి. ఆ రోజు లాగిన్ అయినవాళ్లందరికీ అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి.

పాస్‌వర్డ్‌ను దాచిపెట్టే పద్ధతి ఎంత గట్టిదైనా, అది ఉన్నదున్నట్టుగా ఉన్నంతకాలం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందని దీంతో అర్థమైంది. దాచడమే మానేస్తే? పాస్‌వర్డ్‌ను ఒక గణిత ప్రక్రియలోంచి పంపి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే రాసిపెట్టుకోవాలి. ఆ ఫలితాన్నే హ్యాష్ అంటారు. కందులు మరలో పోస్తే పిండి వస్తుంది, ఆ పిండిని మళ్లీ కందులు చేసే మర ఎవరి దగ్గరా లేదు. మనం లాగిన్ అయిన ప్రతిసారీ టైప్ చేసిన మాటను అప్లికేషన్ మళ్లీ అదే లెక్కలోంచి పంపి, వచ్చిన హ్యాష్ తన పట్టికలో ఉన్నదానితో సరిపోయిందా అని చూస్తుంది. సరిపోతే లోపలికి రానిస్తుంది. అసలు పాస్‌వర్డ్ ఏమిటో అప్లికేషన్‌కే తెలియదు.

దగ్గరగా చూద్దాం. ఎండీ5 అనే పాత ప్రక్రియలోకి 123456 అని పంపితే వచ్చే ఫలితం 32 అక్షరాల వరస, ‘ఈ10ఏడీసీ39’ అని మొదలవుతుంది. చివర ఒక్క అంకె చేర్చి 1234567 పంపితే ‘ఎఫ్‌సీఈఏ920ఎఫ్’ అని మొదలవుతుంది. రెండింటికీ ఏ పోలికా లేదు. ఫలితాన్ని చూసి అసలు మాట దగ్గరికి ఎంత వరకు వచ్చామో ఊహించడానికి వీలు లేకుండా ఇలా తయారుచేశారు.

అయితే 123456కు ప్రపంచంలో ఎక్కడైనా ఇదే ఫలితం వస్తుంది. కాబట్టి జనం ఎక్కువగా పెట్టుకునే కోట్ల కొద్దీ పాస్‌వర్డ్‌లకు ముందే హ్యాష్‌లు కట్టి జాబితా చేసుకున్న దొంగకు, గడిని చూడగానే మాట తెలిసిపోతుంది. దీనికి విరుగుడుగా ప్రతి పాస్‌వర్డ్‌కూ యాదృచ్ఛికంగా కొన్ని అక్షరాలు కలిపి అప్పుడు హ్యాష్ కడతారు. దీన్ని సాల్ట్ అంటారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పద్ధతి ఎలా వచ్చిందో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఒక వ్యాసంలో వివరించారు. ఇప్పటికీ పాస్‌వర్డ్ భద్రత మీద చదవాల్సిన మొదటి వ్యాసం అదే. కెన్ థాంప్సన్ సొంత పాస్‌వర్డ్ హ్యాష్ ఒక పాత యూనిక్స్ ఫైల్‌లో దాదాపు నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2019లో ఒక ఔత్సాహికుడు గ్రాఫిక్స్ కార్డును నాలుగు రోజులకు పైగా నడిపించి దాన్ని ఛేదించాడు. తీరా చూస్తే అది చదరంగంలో రాణి ముందున్న బంటును రెండు గళ్లు ముందుకు జరిపే ఎత్తు.

ఇప్పటి కంప్యూటర్లకు పాత హ్యాష్‌లు ఏమాత్రం ఆనవు. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనులో పదివేల కోట్లకు పైగా ఎండీ5 హ్యాష్‌లు కట్టేస్తుంది. అందుకే 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియర్స్ కావాలనే నెమ్మదిగా పనిచేసే బీక్రిప్ట్‌ను తయారుచేశారు. లెక్కను వెయ్యిసార్లు, నాలుగు వేలసార్లు తిప్పి తిప్పి చేయిస్తుంది. లాగిన్ అయ్యేవాడికి సెకనులో చిన్న భాగం ఆలస్యం, దొంగకు మాత్రం ఏళ్లు. కోహా కొన్నేళ్ల కిందట ఎండీ5 నుంచి బీక్రిప్ట్‌కు మారింది. వర్డ్‌ప్రెస్ 2025 ఏప్రిల్‌లో వచ్చిన 6.8 వెర్షన్‌తో మారింది.

కాబట్టి మన గ్రంథాలయంలో పాత లెక్చరర్ పెట్టిన పాస్‌వర్డ్‌ను కనిపెట్టాలని ప్రయత్నించడం వృథా. దాన్ని కనిపెట్టాల్సిన అవసరం కూడా లేదు. గడిలో ఉన్నది హ్యాష్ మాత్రమే కాబట్టి, దాని స్థానంలో మనకు తెలిసిన కొత్త పాస్‌వర్డ్ హ్యాష్ పెడితే చాలు.

దానికన్నా ముందు, నిజంగా పాస్‌వర్డే తప్పా అన్నది చూసుకోవాలి. మన దగ్గర దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. పుస్తకాల పేర్లు ఎంటర్ చేసేటప్పుడు కీబోర్డును తెలుగులోకి మార్చి, మళ్లీ ఇంగ్లీషులోకి మార్చడం మరిచిపోతారు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ లిపి పడుతోందో తెలియదు. అదే మాటను నోట్‌ప్యాడ్‌లో ఒకసారి టైప్ చేసి చూస్తే తేలిపోతుంది.

తెలుగులోనే పాస్‌వర్డ్ పెట్టుకునేవారికి తెలియాల్సిన సంగతి ఇంకొకటుంది. ‘పెద్దేముల్’ అన్న మాట మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అది పది సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 30 బైట్లు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లనే పట్టించుకుంటుంది. అంటే తెలుగులో 24 సంకేతాలు. పొడవాటి తెలుగు వాక్యాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే చివరి భాగాన్ని కొన్ని అప్లికేషన్లు వదిలేస్తాయి, కొన్ని అసలు ఒప్పుకోవు, మరికొన్ని ముందే ఇంకో హ్యాష్ కట్టి ఈ ఇబ్బందిని తప్పిస్తాయి.

మొబైల్‌లోని ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్ కూడా పెట్టుకుని ఉంటే గడియారాన్ని చూడాలి. ఆ కోడ్ 30 సెకన్లకొకసారి మారుతుంది, ఫోన్‌లోని సమయమూ సర్వర్‌లోని సమయమూ కలిస్తేనే సరిపోతుంది. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయాక కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ ఉంటే తేదీ దానంతటదే సర్దుకుంటుంది, లేకపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి వెళ్లలేం. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే సమస్య తీరిపోతుంది.

ఇవేవీ కాకపోతే అప్పుడు ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ లింకు. సొంత సర్వర్లలో ఇది ఎక్కువసార్లు పనిచేయదు. ఈమెయిల్ పంపే ఏర్పాటు ఎక్కించినవాళ్లు చేసి ఉండరు, తెర మీద ‘మెయిల్ పంపాం’ అని వస్తుంది, మెయిల్ మాత్రం రాదు. ఇంకెవరికైనా అడ్మిన్ హక్కులున్నాయా, పాత కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ అయి ఉందా అని కూడా వెతకాలి. చాలాచోట్ల కథ ఇక్కడే సుఖాంతమవుతుంది.

అక్కడా దొరక్కపోతే సర్వర్‌లోకే దిగాలి. దిగేముందు చేయాల్సిన పని ఒక్కటే, డేటాబేస్‌కూ, అప్‌లోడ్ చేసిన ఫైళ్లకూ ఒక నకలు తీసి వేరే డిస్కులో పెట్టడం. ఆ నకలు చేతిలో ఉంటే తర్వాత ఏ పొరపాటు జరిగినా వెనక్కి రావచ్చు.

సర్వర్ తెర ముందు కూర్చుని దాని సొంత లాగిన్‌తో లోపలికి వెళ్లగలిగితే సగం పని అయిపోయినట్టే. ఈ అప్లికేషన్లు తయారుచేసినవాళ్లకు మనుషులు మరిచిపోతారని తెలుసు. అందుకే నెక్స్ట్‌క్లౌడ్, మూడుల్, కోహా, ఈఆర్‌పీనెక్స్ట్ అన్నింటిలోనూ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కొత్తగా పెట్టడానికి ఒక కమాండో, చిన్న స్క్రిప్టో ఉంటుంది. పాత పాస్‌వర్డ్ అడగదు. కొత్తది చెబితే దానికి సరైన పద్ధతిలో సాల్ట్ కలిపి, హ్యాష్ కట్టి గడిలో పెడుతుంది. డేటాబేస్‌లోకి దిగి చేత్తో గడి మార్చడం కన్నా ఇదే క్షేమం. ఫోన్ పోయి కోడ్ రాకపోయినా నెక్స్ట్‌క్లౌడ్ లాంటివాటిలో ఆ రెండో మెట్టును తీసేయడానికీ కమాండ్ ఉంది.

అలాంటి కమాండ్ లేని అప్లికేషన్ అయితే డేటాబేస్‌లోకే వెళ్లాలి. దానికీ ఒక పాస్‌వర్డ్ ఉంటుంది కదా, అది ఎవరికి తెలుసు? అప్లికేషన్‌కు తెలుసు. ప్రతి పేజీ చూపించడానికి అది డేటాబేస్‌లోకి లాగిన్ కావాలి, దానికి హ్యాష్ సరిపోదు, అసలు పాస్‌వర్డే కావాలి. అందుకే దాన్ని తన సెట్టింగుల ఫైల్‌లో ఉన్నదున్నట్టుగా రాసి పెట్టుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌లో ఆ ఫైల్ పేరు డబ్ల్యూపీ-కాన్ఫిగ్. మనుషుల పాస్‌వర్డ్‌ను అంత జాగ్రత్తగా చెరిపేసిన అప్లికేషన్ తన పాస్‌వర్డ్‌ను ఇలా రాసుకోక తప్పదు, ఆ ఫైల్‌ను సర్వర్‌లోకి లాగిన్ అయినవాళ్లు తప్ప ఇతరులు చదవకుండా హక్కులు కట్టడి చేస్తారు. అదీ దొరక్కపోతే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే రెండు డేటాబేస్‌లలోనూ కాసేపు పాస్‌వర్డ్ అడగవద్దని చెప్పి పునఃప్రారంభించే వీలుంది. ఆ కాసేపూ నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి, పని కాగానే సెట్టింగును తిరిగి యథాస్థితికి తేవాలి. తిరిగి తేవడం మరిచిపోతే తలుపులు బార్లా తెరిచి ఉంచినట్టే.

మరి సర్వర్ లాగిన్ కూడా ఎవరికీ తెలియకపోతే? కంప్యూటర్ మన ఎదురుగా ఉంది కాబట్టి అదీ ఇబ్బంది కాదు. సర్వర్ లైనక్స్ మీద నడుస్తుంటే దాన్ని రికవరీ మోడ్‌లో బూట్ చేయవచ్చు, లేదా లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో లేపి లోపలి డిస్కును తెరవవచ్చు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయనంతవరకు, అంటే తాళం లేనిదే చదవలేనట్టు మార్చనంతవరకు, పెట్టె ఎవరి చేతిలో ఉంటే సమాచారం వాళ్లదే. ఇది మనకు ఎంత మేలో దొంగకూ అంతే మేలు. సర్వర్ ఉన్న గదికి తాళం వేయడం పాస్‌వర్డ్ పెట్టుకోవడమంత ముఖ్యం.

ఇంతవరకు చెప్పిన పాస్‌వర్డ్‌లన్నీ ‘నువ్వు ఎవరు?’ అని అడిగేవి. వాటిని మార్చవచ్చు. రెండో రకం పాస్‌వర్డ్‌తో సమాచారాన్నే గుర్తుపట్టలేనట్టు మార్చేస్తారు, ఎన్‌క్రిప్షన్ అంటే అదే. అక్కడ నేను చెప్పిన దారులేవీ పనిచేయవు. తాండూరు బజారులో వ్యాపారులకు బాగా తెలిసిన ఉదాహరణ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ. అందులో యూజర్ పాస్‌వర్డ్ వేరు, టాలీవాల్ట్ పాస్‌వర్డ్ వేరు. వాల్ట్ పెట్టిన కంపెనీ పేరు కూడా జాబితాలో నక్షత్రపు గుర్తులుగానే కనిపిస్తుంది, లోపలి లెక్కలన్నీ ఎన్‌క్రిప్ట్ అయిపోతాయి. వాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే టాలీ కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ ఖజానాలను సొంత సర్వర్‌లో పెట్టుకున్నా అంతే, సర్వర్ మనదే, డేటాబేస్ మనదే, కానీ తెరవలేం. నెక్స్ట్‌క్లౌడ్‌లో కొన్ని రకాల ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, రికవరీ కీ పెట్టుకోకపోతే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చినా ఫైళ్లు తెరుచుకోవు.

స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్ కథ 2021లో పత్రికల్లో వచ్చింది. ఆయన 7,002 బిట్‌కాయిన్ల తాళం ఒక ఐరన్‌కీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పదిసార్లు తప్పు కొడితే పెన్‌డ్రైవ్ శాశ్వతంగా మూసుకుపోతుంది, అప్పటికే ఎనిమిది అయిపోయాయి. కోట్ల డాలర్ల విలువ, చేతిలో పెన్‌డ్రైవ్, అయినా గణితం ముందు ఏమీ చేయలేని పరిస్థితి. కాబట్టి ఏదైనా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసే ముందే పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. ‘పాస్‌వర్డ్ ఎక్కడా రాయవద్దు’ అన్న సలహా ఒంటరి మనిషి ఫేస్‌బుక్‌కు పనికొస్తుందేమో, పదిమంది మీద ఆధారపడే సంస్థకు అది హానికరమని నా అభిప్రాయం.

ఒక్క హెచ్చరిక. ఈ పద్ధతులన్నీ సొంత సర్వర్ మీదే, సంస్థ అధిపతి రాతపూర్వక అనుమతితోనే చేయాలి. వేరేవారి కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా, దురుద్దేశంతో జొరబడితే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చిన తేదీ, మార్చినవారి పేరు రిజిస్టర్‌లో రాయించడం మనకే రక్ష.

మన కార్యాలయాల్లో బదిలీ అయినప్పుడు చార్జ్ లిస్టు రాసుకునే మంచి అలవాటు ఉంది. బీరువా తాళాలు, ఫైళ్లు, కుర్చీలు, బల్లలు, రబ్బరు స్టాంపులు లెక్కపెట్టి సంతకం పెట్టి అప్పగిస్తారు.  పెద్దేముల్‌లోనైనా, మరే మండలంలోనైనా గ్రంథాలయం, కాలేజీ, రైతు సంఘం నడిపేవాళ్లకు నా విన్నపం: ఆ లిస్టులో ఇంకో మూడు వరసలు చేర్చండి. సర్వర్ లాగిన్, అప్లికేషన్ అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎక్కడుందన్న వివరం. వాటిని సీల్ చేసిన కవరులో పెట్టి బీరువాలో ఉంచండి. ఇంకొకరికి కూడా అడ్మిన్ హక్కు ఇచ్చి ఉంచండి. రిపేరు అబ్బాయి వచ్చినప్పుడు ‘‘ముందు నకలు తియ్యి బాబూ, తర్వాత ముట్టుకో’’ అని చెప్పండి.